మధ్యన డెబ్బై

విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో తేల్చి చెప్పే అధికారం పటాన్‌చెరులో ఒక్కరికే ఉంది. ఆయన చంద్రకాంత్ సార్, జూనియర్ కాలేజీలో సీనియర్ ఫిజిక్స్ లెక్చరర్. సోమవారం పొద్దున ఆయన తన చేత్తో నోటీసు బోర్డుకు అతికించిన పరీక్ష జవాబుల కీ ప్రకారం ఆ వేగం అరవై ఏడు. డెబ్బై మూడు అని గుర్తు పెట్టినవాళ్లకు మార్కులు రాకపోవడమే కాదు, ఉన్న మార్కుల్లోంచి ఒకటి కోత కూడా.

బి సెక్షన్‌కు ఫిజిక్స్ చెప్పే నిషిత బోర్డు ముందు నిలబడి ఆ వరుస మళ్లీ మళ్లీ చదివింది. భుజాన ఉన్న బ్యాగు కూడా దించకుండా స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్లింది. చంద్రకాంత్ సార్ టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు.

"సార్, విశ్వం ప్రశ్నకు బి ఇచ్చిండ్రు."

"ఇచ్చిన."

"మా సెక్షన్ల నేను డెబ్బై మూడు చెప్పిన. అది డి ల ఉన్నది."

"ఉన్నది మేడం. మీరు చెప్పిండ్రని తెలిసే డి ల పెట్టిన." ఆయన ఉప్మా మీద పచ్చిమిరపకాయ ఏరి పక్కన పెట్టాడు. "తప్పు ఆప్షన్ అంటే పిల్లలు పోయి పడేటట్టు ఉండాలె. ఎవ్వరూ ముట్టని ఆప్షన్ పెడితే అది పేపరే గాదు."

ఎంత తీరిగ్గా చెప్పాడో చూడండి. ఒళ్లు మండిపోయింది నిషితకు.

అసలు ఈ గొడవంతా పక్క కాలేజీ వాళ్ల గోడతో మొదలైంది. వాళ్లు గోడ మీద రాకెట్ బొమ్మ వేయించారు. అది చూసి ఈ కాలేజీ యజమాని విశ్వేశ్వర్ సేటు మన దగ్గర కూడా అంతరిక్షం చెప్పాలన్నాడు. ఎ సెక్షన్‌కు చంద్రకాంత్ సార్, బి సెక్షన్‌కు నిషిత. నోట్సు ఎవరిది వాళ్లే చెప్పారు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని పరీక్షలో గుండ్రం నింపడమే ఇక్కడ చదువు. రెండు అంకెలు చెబితే ఏది రాయాలి మేడం అని యాభై గొంతులు ఒక్కసారే లేస్తాయి. అందుకని ఆయన ఒకటి రాయించాడు, ఈమె ఒకటి రాయించింది. పరీక్ష మాత్రం ఇద్దరి పిల్లలకూ ఒక్కటే.

సుమారు ముప్పై రెండున్నర లక్షల కాంతి సంవత్సరాల అవతల ఉన్న గెలాక్సీ మనకు సెకనుకు ఎన్ని కిలోమీటర్ల చొప్పున దూరమవుతోంది అన్నదే ఆ అంకె. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలనూ, పేలిపోయిన నక్షత్రాలనూ పట్టుకుని మెట్టు మెట్టుగా దూరాలు కొలిచినవాళ్లకు డెబ్బై మూడు వచ్చింది. విశ్వం పుట్టిన కొత్తలో మిగిలిపోయిన వెలుగును కొలిచి, అక్కణ్నుంచి సిద్ధాంతం ప్రకారం ఇప్పటిదాకా లెక్క కట్టినవాళ్లకు అరవై ఏడు వచ్చింది. కొలతలో పొరపాటుందా, సిద్ధాంతంలోనే ఏదైనా తక్కువైందా అన్నది ఇంతవరకూ తేలలేదు. లోకంలో పెద్ద పెద్దవాళ్లు దాని మీద ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు.

"రెండూ కొలిచినయే గద సార్. రెండిటికీ మార్కులు ఇయ్యాలె."

"నక్షత్రాలను జూసి దూరం చెప్పుడంటే చిమ్నీల పొగ జూసి లోపట బాయిలర్ ఎంత కాగుతుందో చెప్పినట్టు. అదొక కొలతనా?"

"మరి మీదో? పుట్టిననాటి తూకం జూసి ఇయ్యాల అంగీ కొలత చెప్తున్నరు. పోరని ఒంటికి టేపు పెట్టి చూడకుంట!"

కెమిస్ట్రీ సార్ నవ్వబోయి, చంద్రకాంత్ సార్ ముఖం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

"మేడం, నేను ఇక్కడ చెప్పబట్టి పద్దెనిమిదేండ్లాయె," అన్నాడు చంద్రకాంత్ సార్ డబ్బా మూత గట్టిగా నొక్కి. "నా కీ మీద ఇంతవరకు ఎవ్వరు నోరెత్తలే. మీ సెక్షన్‌కు పోయి తప్పు చెప్పిన అని చెప్పుండ్రి. అయిపోతది."

"నేను తప్పు చెప్పలే."

"అయితే పిల్లలు తప్పు రాసిండ్రు. ఎట్లన్న ఒకటే."

నిషిత బ్యాగును బల్ల మీద పడేసిన చప్పుడుకు ఆయన చెయ్యి అదిరి చెంచా కింద పడింది. ఆ చెంచాను ఆమె తీసివ్వలేదు, ఆయన అడగలేదు.

*

ఆ పరీక్ష ఊరికే పెట్టింది కాదు. అందులో ముందున్న ఇరవై మందిని వేరు చేసి స్టార్ బ్యాచ్ అంటారు. వాళ్లకు వేరే గది, వేరే పాఠాలు, ఇంటర్ అయ్యేదాకా ఉచితంగా హాస్టల్. బి సెక్షన్ పుష్పకు కావలసింది ఆ పాఠాలు కూడా కాదు, హాస్టల్‌లో ఒక మంచం.

సాయంత్రం నిషిత గేటు దాటుతుంటే పుష్ప తల్లి బీరమ్మ ఎదురొచ్చింది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. రెండో షిఫ్టుకు పోతూ దారిలో దిగినట్టుంది, నెత్తికి నీలం టోపీ అప్పుడే పెట్టుకుంది.

"మేడం, దండం. లిస్టు వచ్చిందంట గదా? మా పిల్ల ఏం చెప్తలేదు. అన్నం కూడ తింటలేదు."

"ఇంకా పూర్తిగ రాలేదమ్మా. కీ మీద మాట్లాడుతున్నం."

"గదేందో నాకు తెల్వది. హాస్టల్ వస్తదా రాదా, గంతే చెప్పుండ్రి." బీరమ్మ దగ్గరికి జరిగింది. "కాజీపల్లిల మా ఇల్లు కంపెనీ గోడ పక్కపొంటే ఉంటది మేడం. పొద్దుగూకిందంటే వాసన ఇడుస్తరు. కిటికీలు మూసినా వస్తది. పుస్తకం పట్టుకుంటే కండ్లల్ల నీళ్లు, ఒకటే దగ్గు. దావఖానల డాక్టరు పిల్లను జెర అక్కడికెళ్లి తీసెయ్యమన్నడు. యాడికి తీస్తం మేడం? కిరాయి గక్కడనే తక్కువ."

"పుష్ప బాగ రాసింది బీరమ్మా. ఆమె తప్పు ఒక్కటి గూడ లేదు ఇందుల."

"తప్పు లేకపోతే వస్తది గద మరి?"

నిషితకు ఆ ప్రశ్న సూటిగా తగిలింది. "వస్తది," అంది. అనకుండా ఉండాల్సింది. కానీ ఆ టోపీ కింద ముఖం చూస్తూ ఇంకేం అంటారు ఎవరైనా? బీరమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, కంపెనీ బస్సు కోసం పరుగెత్తింది.

*

మర్నాడు విశ్వేశ్వర్ సేటు ఇద్దరినీ గదికి పిలిచాడు. సేటుకు సంగారెడ్డి మార్కెట్లో ధాన్యం అడ్తి దుకాణం ఉంది. కాలేజీ తర్వాత పెట్టింది. రైతు ఒక ధర అంటే, కొనేవాడు ఇంకో ధర అంటే మధ్యలో కూర్చుని బేరం తెంపడం తాతల నాటి నుంచీ వాళ్లింటి పని. ఆ పనిలో ఆయనకు మంచి పేరే ఉంది, ఎవరినీ ముంచలేదంటారు.

"కూసోండ్రి. ఏంది పంచాయితీ?"

ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టారు. సేటు చెయ్యెత్తి ముందు చంద్రకాంత్ సార్‌ను చెప్పమన్నాడు, తర్వాత నిషితను. విసుక్కోకుండా విన్నాడు. మధ్యలో టీ తెప్పించాడు.

"అంటే మేడం, సార్ చెప్పేది తప్పంటవా?"

"తప్పనను సార్. ఆయన చెప్పింది గూడ కొలిచినదే. నాదీ కొలిచినదే. రెండూ రైటే అని కీల పెట్టుండ్రి."

"ఒక ప్రశ్నకు రెండు జవాబులుంటయా?" సేటు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గట్ల పెడితే వీళ్లకే తెల్వదంటరమ్మా తల్లిదండ్రులు."

"అయితే ప్రశ్న తీసెయ్యుండ్రి."

"అగో, అది ఇంకా నాశనం. పేపర్ తప్పొచ్చిందని పక్క కాలేజోడు మైకు పెట్టి చెప్తడు."

చంద్రకాంత్ సార్ కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను అదే అంటున్న సార్. కీ మారిస్తే మన ఇజ్జత్ పోతది."

"మార్చకపోతే యాభై మంది పిల్లలు మునుగుతరు!" నిషిత గొంతు లేచింది. "కావాలని పెట్టిండు సార్ ఈయన. నా పిల్లలు పడాలెననే పెట్టిండు. నిన్న నా మొఖం మీదనే చెప్పిండు."

"నోరు సంభాళించుకోండ్రి మేడం."

"సంభాళించుకోను. ఏం జేస్తరు?"

సేటు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఆగుండ్రి, ఆగుండ్రి. సార్‌ది అరవై ఏడు. నీది డెబ్బై మూడు. నడుమ ఎంతొస్తది?" వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరిపాడు. "డెబ్బై. ఆప్షన్లల్ల డెబ్బై ఉన్నదా?"

చంద్రకాంత్ సార్ పేపర్ చూశాడు. "సి ల ఉన్నది సార్."

"మరింకేంది! సి పెట్టుండ్రి. ఇద్దరూ చెరో మూడు జరుగుండ్రి. నీది గెలవలే, ఆయనది గెలవలే. ఖతం."

నిషిత నవ్వొస్తుందేమోనని భయపడింది. సజ్జల ధరనా ఇది? చంద్రకాంత్ సార్ వైపు చూసింది. ఈ ఒక్క విషయంలోనైనా ఆయన అడ్డం తిరుగుతాడనుకుంది. ఎంతైనా ఫిజిక్స్ చదువుకున్న మనిషి. ఆయన ఫోన్ తీసి వెతుకుతున్నాడు.

"సార్, అసలు మూడో పద్ధతి గూడ ఉన్నది," అన్నాడు. "పెద్ద ఎర్ర నక్షత్రాలతోని కొలిచిండ్రు. డెబ్బైకి దగ్గర దగ్గరనే వచ్చింది. ఎవరన్న అడిగితే అది జూపియ్యొచ్చు."

"సూసినవా!" సేటు ముఖం వెలిగింది. "నేను చదువుకోకున్న చెప్పిన."

ఉన్నమాటే అది. అలా కొలిచినవాళ్లున్నారని నిషితకూ తెలుసు. కానీ వాళ్లు రాత్రులు కూర్చుని కొలిస్తే వచ్చిన డెబ్బై వేరు, ఈయన టీ తాగుతూ చెరిసగం చేస్తే వచ్చిన డెబ్బై వేరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఆమెకు ఇంకో లెక్క తట్టింది. డెబ్బై అయితే ఎ సెక్షన్ మార్కులూ పోతాయి. అందరికీ సమానంగా కోత పడితే, మిగతా ప్రశ్నల్లో ఎవరెంత తెచ్చుకుంటే అంతే. పొద్దున ఆమె మార్కులన్నీ కూడి చూసింది. ఈ ప్రశ్న లేకపోతే పుష్ప ఇరవయ్యో స్థానంలో ఉంటుంది. బ్యాచ్‌లో ఆఖరిదే, కానీ బ్యాచ్‌లోనే. హాస్టల్ వస్తుంది.

ఇంకొకటి కూడా ఉంది, దాచడమెందుకు. చంద్రకాంత్ సార్ బోర్డు ముందుకు పోయి, అందరూ చూస్తుండగా తన కీ తానే పీకాలి. అది తలుచుకుంటే కడుపు చల్లబడింది.

"సరే సార్," అంది నిషిత.

చంద్రకాంత్ సార్ ఆమె వైపు అనుమానంగా చూశాడు. తర్వాత కొత్త కీ కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు. పెన్ను ఆయన దగ్గర ఉంది. బల్ల మీద పెట్టి ఆమె వైపు నెట్టాడు తప్ప చేతికి ఇవ్వలేదు.

*

శుక్రవారం లిస్టు పెట్టారు. నిషిత పిల్లల మధ్యలోంచి దారి చేసుకుని వెళ్లి ముందుగా కింది పేరు చూసింది. ఇరవయ్యో పేరు జయంత్. పుష్ప పేరు లేదు.

జయంత్ సేటు మనవడు, ఎ సెక్షన్. పిల్లవాడు చెడ్డవాడేం కాదు. బోర్డు దగ్గరే సమోసా తింటూ నిలబడి, ఆమెను చూసి నవ్వాడు.

"మేడం, నేనే షాక్! లాస్ట్‌ల టైం అయిపోయింది, మిగిలినయన్నీ సి కొట్టిన. అండ్ల ఒకటి తగిలిందంట."

"విశ్వం ప్రశ్ననా?"

"ఏమో మేడం, చదవలే."

మొత్తం రెండు సెక్షన్లలో పాఠం విన్నవాళ్లందరికీ కోత పడింది. విననివాళ్లు ముగ్గురికి మార్కులు వచ్చాయి. ఆ ముగ్గురిలో ఒకడు ఇరవై ఒకటి నుంచి ఇరవైకి వచ్చాడు. ఆ జాగాలో ఉండాల్సిన పిల్ల ఇరవై ఒకటికి పోయింది. ఎంత తెలివిగా లెక్క వేశాననుకుంది! సి గుద్దినవాళ్లు ఉంటారన్న సంగతి తట్టనే లేదు.

సేటు గదికి దాదాపు పరుగెత్తింది. ఆయన ఫోన్‌లో పెసర్ల ధర మాట్లాడుతున్నాడు. అయ్యేదాకా నిలబెట్టాడు.

"సార్, జయంత్‌కు హాస్టల్ అక్కర్లేదు గద. మీ ఇల్లు కాలేజీ ఎనకనే. ఆ మంచం పుష్పకు ఇయ్యుండ్రి. బ్యాచ్ ఇయ్యకున్న మంచిదే. అక్కడ ఉండలేకపోతున్నది ఆ పిల్ల."

"జయంత్ వచ్చిండా లిస్టుల?" సేటు కళ్లు పెద్దవయ్యాయి. ఆయనకు నిజంగా తెలియదు. తెలిసి చేసి ఉంటే తిట్టడానికైనా ఉండేది. "మా ఇంటామె సావిత్రమ్మ సంబురపడ్తది పో. మంచమంటవా, అట్ల ఇయ్యరాదు మేడం. ఒక్కరికి ఇస్తే రేపు గేటు కాడ లైను కడ్తరు. ఖాళీగ ఉండనీ, ఏమైతది."

"కీ తప్పు సార్. డెబ్బై ఎవరూ చెప్పలే పిల్లలకు."

"నువ్వు దస్తకత్ పెట్టినవ్ గదమ్మా," అన్నాడు సేటు కోపం లేకుండా. మళ్లీ ఫోన్ అందుకున్నాడు.

*

ఆ మధ్యాహ్నం ఆఖరుకు ముందు పీరియడ్ బి సెక్షన్‌లో నిషితది. తలుపు తీయగానే అరుపులు ఆగిపోయాయి. పుష్ప రెండో బెంచీ చివర కూర్చుంది. ఏడ్చిన ముఖం కాదది, బిగుసుకుపోయిన ముఖం. పక్కనున్న శ్రావ్య లేచి నిలబడింది.

"మేడం, మీరు మాకు డెబ్బై మూడు రాపిచ్చిండ్రు. ఎ సెక్షన్‌కు అరవై ఏడు రాపిచ్చిండ్రంట. మరి డెబ్బై ఎక్కడికెళ్లి వచ్చింది?"

తలుపు అవతల వరండాలో చంద్రకాంత్ సార్ నిలబడి ఉన్నాడు. తర్వాతి పీరియడ్ ఆయనది, ఎప్పుడూ ముందే వచ్చి నిలబడతాడు. నిషిత ఆయన చెప్పుల చప్పుడు విని గుర్తుపట్టింది.

"మూడో పద్ధతి ఒకటున్నది," అంది. "పెద్ద ఎర్ర నక్షత్రాలుంటయి. వాటి వెలుగు ఒక హద్దు దాటదు. ఆ హద్దును పట్టుకొని దూరాలు కొలుస్తరు. అట్ల కొలిస్తే డెబ్బైకి దగ్గర వస్తది."

ఒక్క అబద్ధం కూడా లేదు అందులో. ఏ పుస్తకం తెరిచి చూసినా ఉంటుంది. శ్రావ్య కూర్చుంది. పేజీలు తిప్పిన చప్పుడైంది. యాభై పెన్నులు కదిలాయి. ఎర్ర నక్షత్రాలు, హద్దు, డెబ్బై. పుష్ప కూడా రాసుకుంది. కింద గీత కూడా గీసింది, ముఖ్యమైనవాటికి గీసినట్టే. తర్వాత తలెత్తింది.

"అయితే నాదే తప్పు మేడం," అంది. "మా అమ్మ మీతోని కొట్లాడతనని తయారైంది. వద్దని చెప్తా. నేనే సరిగ రాయలే అని చెప్తా."

వరండాలోంచి, మెల్లగానే, మాట వినిపించింది. "మంచిగ చెప్పిండ్రు మేడం."

ఇన్నేళ్లలో ఆ మనిషి ఆమెను మెచ్చుకోవడం ఇదే మొదలు. నిషితకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఛీ, ఏం బతుకు ఇది అనుకుంది.

"పుష్పా, కొట్టెయ్యి."

"ఏంది మేడం?"

"ఇప్పుడు రాసింది. అందరూ కొట్టెయ్యుండ్రి."

పెన్నులు ఆగాయి. "మల్ల ఏది రాయాలె మేడం?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు.

"ఏది రాయొద్దు. అరవై ఏడు కొలిచినోళ్లున్నరు, డెబ్బై మూడు కొలిచినోళ్లున్నరు, ఎర్ర నక్షత్రాలతోని కొలిచినోళ్లు గూడ ఉన్నరు. ఎవరిది రైటో ఇంకా తేలలే. వాళ్లు కొట్లాడుకుంటున్నరు గానీ, ఒక్కడు గూడ తను కొలిచింది ఇడిచిపెట్టి నడుమకు రాలే." చాక్‌పీస్ బల్ల మీద పెట్టింది. "మీ కీల ఉన్న డెబ్బై ఎవరూ కొలవలే. సేటు నడుమకు తెంపిండు. సార్ సరే అన్నడు. నేను గూడ సరే అన్న, దస్తకత్ పెట్టిన. పుష్ప జవాబు తప్పు గాదు."

వరండాలో చెప్పుల చప్పుడు ఆఫీసు వైపు వెళ్లిపోయింది. వెళ్లనీ. ఉద్యోగం పోతే పోతుందని ఆమె అప్పటికే అనుకుంది. గుండె కొంచెం తేలికైంది కూడా. ఈ పిల్ల ముఖం ఒక్కసారి విప్పారితే చాలనుకుని పుష్ప వైపు చూసింది.

పుష్ప లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"అంటే మీరు ముగ్గురు కూసొని నా మంచం తెంపిండ్రన్నట్టు."

"అట్ల గాదు పుష్పా, నీకు సీటు వస్తదనే నేను..."

"నాకోసం అబద్ధం ఒప్పుకోమని నేను చెప్పిన్నా?"

మేడం అన్న మాట ఆ వాక్యంలో లేదు. తర్వాత కూడా రాలేదు. ఇక్కడి పిల్లలు తిట్టుకునేటప్పుడు కూడా వదలని మాట అది. నిషిత ఏమంటుంది? నిజమే చెప్పానంటుందా? చెప్పింది, లిస్టు గోడకెక్కిన తర్వాత.

పుష్ప కూర్చుంది. ఫిజిక్స్ నోట్సు మూసి బ్యాగులో పెట్టింది. లెక్కల పుస్తకం తీసి, వదిలేసిన చోటు వెతుక్కుని, తల వంచుకుని లెక్క చేయడం మొదలుపెట్టింది. శ్రావ్య ఆమె వైపు చూసి తన లెక్కల పుస్తకం తీసింది. తర్వాత వెనక బెంచీ. తర్వాత కిటికీ వరుస. ఎవరూ తలెత్తలేదు.

పీరియడ్ ఇంకా సగం మిగిలే ఉంది. గంట కొట్టేదాకా నిషిత అక్కడే నిలబడింది.